లివర్ ఎమ్మారెస్ (ఎమ్మారై మెషీన్‌తో నీరు, కొవ్వు సిగ్నళ్లను విడిగా కొలిచే స్పెక్ట్రోస్కోపీ)లో కొవ్వు శాతం నిలకడగా వస్తలేదు

నల్లగొండ_టెక్నీషియన్:
1.5 టెస్లా మెషీన్. బ్రెయిన్‌కు వాడే ప్రెస్ సీక్వెన్స్‌నే (సిగ్నల్ తీసే ఒక పద్ధతి) లివర్‌కు పెట్టినం. టీఈ (పల్స్ ఇచ్చినంక సిగ్నల్ తీసేదాకా ఆగే టైం) 135, టీఆర్ (ఒక కొలతకు, తర్వాతి కొలతకు మధ్య టైం) 1500, రెండూ మిల్లీసెకన్లలో, 64 యావరేజీలు, ఊపిరి మామూలుగనే. వాటర్ సప్రెషన్ తీసేసినం. ఒకే పేషెంట్‌కు ఒకసారి 9 శాతం, టేబుల్ దించి మళ్లీ ఎక్కిస్తే 14. ఏది రాయాలె?

పాలమూరు_రేడియాలజీ:
రెండూ రాయొద్దన్నా. లివర్‌లో నీటి సిగ్నల్ చాలా తొందరగా పడిపోతది, కొవ్వుది అంతకన్నా మెల్లగ. 135 దగ్గరికి వచ్చేసరికి నీరు దాదాపు మిగలదు, శాతం పెరిగి కనిపిస్తది. టీఆర్ 1500 కూడా నీటినే ఎక్కువ తగ్గిస్తది. రెండు తప్పులూ శాతాన్ని ఒకే వైపు, పైకే తోస్తయి.

ప్రెస్ బదులు స్టీమ్ అనే సీక్వెన్స్ పెట్టండి. టీఆర్ 3500, టీఈ 10, 15, 20, 25, 30, ఒక్కోటి ఒక్కసారే. ముందు ఒక డమ్మీ (లెక్కలోకి తీసుకోని కొలత) కలిపితే 21 సెకన్లు, ఒకే ఊపిరిలో అయిపోతది. వచ్చే గ్రాఫ్‌లో 4.7 పీపీఎం దగ్గర నీరు, 1.3 పీపీఎం దగ్గర కొవ్వు పెద్ద శిఖరం. అయిదు టీఈల దగ్గరి శిఖరాల ఏరియాలను వెనక్కి గీసి టీఈ సున్నా దగ్గరి విలువ తీయాలె. కొవ్వును కొవ్వు, నీరు రెండూ కలిపిన మొత్తంతో భాగించాలె.

9, 14 తేడా మాత్రం వోక్సెల్ (సిగ్నల్ తీసే చిన్న డబ్బా లాంటి భాగం) పెట్టిన చోటుది. కుడి లోబ్‌లో 2 సెంటీమీటర్ల ఘనం, అంచు నుంచి కనీసం 1 సెంటీమీటర్ లోపల. పెద్ద రక్తనాళాలు, గాల్‌బ్లాడర్ తగలొద్దు. కొవ్వు వోక్సెల్ నీటి వోక్సెల్ మీద కచ్చితంగా కూర్చోదు, కొంచెం జరుగుతది. అంచుకు పెడితే చర్మం కింది కొవ్వు లోపలికి వస్తది.

నల్లగొండ_టెక్నీషియన్:
పెద్ద మనుషులు 21 సెకన్లు ఆపలేరు సార్.

పాలమూరు_రేడియాలజీ:
టీఆర్ 3000 చేస్తే 18. టీఆర్ అంతకన్నా తగ్గించొద్దు. "ఊపిరి వదిలి ఆపు" అని ముందే రెండుసార్లు నేర్పండి. లోకలైజర్ (చోటు చూసుకునే మొదటి స్కాన్) కూడా అదే స్థితిలో తీయకుంటే వోక్సెల్ జారిపోతది. అయినా కాకుంటే డిక్సన్ ఫ్యాట్ మ్యాప్ (కొవ్వును చూపే ఎమ్మారై చిత్రం) మేలు, లివర్ మొత్తం చూపిస్తది.

సూర్యాపేట_ఫిజిక్స్:
రక్తం తరచుగా ఎక్కించుకునే తలసీమియా పేషెంట్లతో జాగ్రత్త. ఇనుము ఎక్కువుంటే శిఖరాలు వెడల్పై కలిసిపోతయి, 3 టెస్లాలో మరీ ఎక్కువ. అక్కడ అంకె ఇవ్వకండి. లివర్‌లో కొవ్వు మామూలుకు డల్లాస్ హార్ట్ స్టడీ (అమెరికాలో జరిగిన ఒక పరిశోధన) పెట్టిన పై హద్దు 5.56 శాతం, 5, 6 మధ్య వస్తే రిపీట్ చేయండి. ఫైబ్రోసిస్ (లివర్‌లో మచ్చ కట్టడం) ఎంత అని డాక్టర్ అడిగితే, దీంట్ల దొరకదు, ఎలాస్టోగ్రఫీ (లివర్ గట్టిదనం కొలిచే పరీక్ష) కావాలె.