విడుదల చేసే కెర్నల్‌కు సీక్యాష్ వాడవచ్చా?

బెల్లందూరు వాసి:
మా బృందం ఒక బోర్డు కోసం లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) రోజూ చాలాసార్లు కంపైల్ చేస్తుంది. మొదటి నుంచి చేస్తే 40 నిమిషాలు పడుతుంది. సీక్యాష్ అనే సాధనం ముందే కంపైల్ చేసి దాచిపెట్టిన ఆబ్జెక్ట్ ఫైళ్లను తిరిగి వాడితే 5 నిమిషాలే. కస్టమర్‌కు పంపే బిల్డ్‌కూ ఇదే చాలని నేనంటున్నాను, కూడదని మా సీనియర్ గారు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

వైట్‌ఫీల్డ్ పాతకాపు:
నేను మీ సీనియర్ గారి వైపే. ఇంతకుముందు పనిచేసిన చోట కంపైలర్‌లో లోపం సరిచేసి కొత్త కంటైనర్ ఇమేజ్ (బిల్డ్ సాధనాలన్నీ కలిపిన ప్యాకేజీ) తయారుచేశాం. ఆ ఇమేజ్‌లో ఫైళ్లన్నిటి తేదీ 1970 జనవరి 1. సీక్యాష్ మామూలుగా కంపైలర్‌ను గుర్తుపట్టేది తేదీ, పరిమాణాలతోనే. రెండూ మారలేదు కాబట్టి పాత ఆబ్జెక్టులనే చేతిలో పెట్టింది. ఒక్క హెచ్చరిక లేదు. మూడు రోజుల తరువాత ఒక పరికర డ్రైవర్ ఫైలును ఆబ్జ్‌డంప్ అనే సాధనంతో విప్పి చూస్తే, పోయిందనుకున్న తప్పు ఇన్‌స్ట్రక్షన్ అక్కడే ఉంది.

ఇందిరానగర్ మిత్రుడు:
అది సెట్టింగు లోపమండీ. ప్రీప్రాసెస్ అయిన (హెడర్లు కలిపి విప్పిన) సోర్సు, కంపైలర్‌కు ఇచ్చే ఫ్లాగులు, కంపైలర్ గుర్తింపు కలిపి సీక్యాష్ హ్యాష్ (వేలిముద్ర లాంటి సంఖ్య) కడుతుంది. కంపైలర్_చెక్ అనే సెట్టింగును ‘కంటెంట్’ (కంపైలర్ ఫైలులోని విషయమే చూడు) అని పెడితే తేదీతో పనే లేదు.

వైట్‌ఫీల్డ్ పాతకాపు:
చాలదు. జీసీసీ కంపైలర్ అని మనం పిలిచేది డ్రైవర్‌ను (మిగతా ప్రోగ్రాములతో పని చేయించే ప్రోగ్రామును), కోడ్ పుట్టించేది సీసీ1 అనే విడి ప్రోగ్రాము. మేం సరిచేసింది సీసీ1నే. డ్రైవర్‌లో ఒక్క బైటూ మారలేదు. క్లాంగ్ అనే మరో కంపైలర్‌కు కోడ్ పుట్టించే ఎల్ఎల్‌వీఎం లైబ్రరీ విడిగా ఉన్నా ఇదే గొడవ.

ఇందిరానగర్ మిత్రుడు:
నిజమే, నాకు తట్టలేదు. అలాగైతే కంపైలర్_చెక్‌లో ‘స్ట్రింగ్’ పెట్టి ఇమేజ్ డైజెస్ట్‌నే (ఇమేజ్ మొత్తానికి కట్టిన హ్యాష్‌నే) ఇవ్వాలి. ఇమేజ్ మారిన క్షణంలో పాత నిల్వ అంతా చెల్లకుండా పోతుంది. సోర్సులోకి తనకు కనిపించని ఫైలు కలుస్తుందని పసిగడితే సీక్యాష్ దాని జోలికి వెళ్లదని కూడా గమనించండి. కెర్నల్‌లోని కాన్ఫిగ్స్.సీ ఫైలు ‘ఇంక్‌బిన్’ (ఒక ఫైలును ఉన్నదున్నట్టు చొప్పించే ఆదేశం) ద్వారా కాన్ఫిగరేషన్‌ను లోపలికి లాక్కుంటుంది, అందుకే దాన్ని అసలు దాచదు. ఇంకా నమ్మకం కుదరకపోతే బిల్డ్ సమయం, యూజర్, హోస్ట్ పేర్లు స్థిరపరచి, మాడ్యూళ్ల సంతకానికి ఒకే తాళంచెవి ఇచ్చి, నిల్వ లేకుండా ఒకసారి, నిల్వతో ఒకసారి కట్టి వీఎంలినక్స్‌లను (తయారైన కెర్నల్ ఫైళ్లను) పోల్చండి. రాండ్‌స్ట్రక్ట్ (కెర్నల్ స్ట్రక్చర్లలోని ఫీల్డుల వరుసను కలగాపులగం చేసే రక్షణ) వాడితే దాని సీడ్ (ఆ వరుసను నిర్ణయించే విలువ) కూడా ఒకటే ఉండాలి.

వైట్‌ఫీల్డ్ పాతకాపు:
పోల్చడానికి నిల్వ లేని బిల్డ్ ఎలాగూ కడతారు కదా. దాన్నే పంపండి!

ఇందిరానగర్ మిత్రుడు:
ప్రతి విడుదలకూ అక్కరలేదు. రాత్రికొకసారి పోల్చితే చాలు. భద్రతా లోపం సరిచేసి గంటలో పంపాల్సిన రోజున ఆ 35 నిమిషాలకు విలువ ఉంటుంది.

బెల్లందూరు వాసి:
మా నిల్వ ఉమ్మడి సర్వర్‌లో ఉంది. అందులో అందరూ రాయగలరు.

వైట్‌ఫీల్డ్ పాతకాపు:
ముందు అది మూయండి. సీక్యాష్ చెడిపోయిన ఫైలును పట్టుకోగలదు కానీ, ఎవరో కావాలని పెట్టిన దాన్ని పట్టుకోలేదు. రాసే హక్కు బిల్డ్ సర్వర్‌కే ఉంచి, మిగతావారికి చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి.

బెల్లందూరు వాసి:
ఈ రాత్రే హక్కులు మార్చి డైజెస్ట్ పెడతాను. వీఎంలినక్స్‌లు వరుసగా నెల రోజులు సరిపోలే వరకు కస్టమర్‌కు నిల్వ లేని బిల్డే వెళ్తుంది. సీనియర్ గారికి కూడా ఇదే చెబుతాను.