సోషలిస్టు ఆర్థికశాస్త్ర పత్రికలను వాణిజ్య సంస్థలు ప్రచురించవచ్చా?

సమష్టి:
క్యాపిటల్ అండ్ క్లాస్ పత్రికను 1977లో సోషలిస్టు ఆర్థికవేత్తల సదస్సు ప్రారంభించింది. నేడు దానిని ప్రచురిస్తున్నది సేజ్ అనే వాణిజ్య సంస్థ. వ్యాసం రాసినవారికి గానీ, దానిని పరిశీలించే సమీక్షకులకు గానీ సాధారణంగా ప్రతిఫలం ముట్టదు. వారికి జీతమిచ్చే విశ్వవిద్యాలయమే మళ్ళీ చందా కట్టి ఆ పత్రికను కొనుక్కోవాలి. కార్మికుడి శ్రమలోంచి యజమాని మిగుల్చుకునే అదనపు విలువ గురించి రాసేవారు తమ శ్రమ ఎక్కడికి పోతున్నదో ఎందుకు అడగరు?

ప్రూఫుదిద్దరి:
2014 గుర్తుందా? మార్క్స్, ఎంగెల్స్ సంకలిత రచనల 50 ఆంగ్ల సంపుటాలకు హక్కులున్న ప్రచురణ సంస్థ లారెన్స్ అండ్ విషార్ట్, వాటిని తొలగించమని ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయమైన మార్క్సిస్ట్స్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను కోరినప్పుడు అందరూ ఆ చిన్న సంస్థ మీద విరుచుకుపడ్డారు. ఆ సంపుటాలు 1975 నుంచి 2004 దాకా వెలువడ్డాయి. అన్నేళ్ళ అనువాదం, సంపాదకత్వం శ్రమ కాదా?

నిత్యపాఠకి:
మంత్లీ రివ్యూ అనే సోషలిస్టు పత్రిక 1949 నుంచి ఏ పెద్ద వాణిజ్య సంస్థ నీడా లేకుండానే నడుస్తోంది.

సమష్టి:
నేను సేజ్ గురించి అడిగితే మీరు లారెన్స్ అండ్ విషార్ట్ గురించి చెబుతున్నారు. సరే, దాని సంగతే చూద్దాం. 1883లో మరణించిన మార్క్స్ రాతలు చదవడానికి కార్మికుడు ఎవరి అనుమతి తీసుకోవాలి?

ప్రూఫుదిద్దరి:
మూల రచనకు హక్కులు లేకపోయినా అనువాదానికి ఉంటాయి. ఇంత చిన్న తేడాను మీరు ఎందుకు దాటవేస్తున్నారు?

సమష్టి:
హక్కు ఉందా లేదా అన్నది చట్టం చెబుతుంది. ఉండాలా వద్దా అన్నదే నా ప్రశ్న.

ప్రూఫుదిద్దరి:
అయితే వినండి. ఒక వామపక్ష పత్రికకు నేను ఏళ్ళ తరబడి ప్రూఫులు దిద్దాను. డబ్బు అడిగిన ప్రతిసారీ అది ఉద్యమ సేవ అన్నారు. ఆ పత్రిక వాణిజ్య సంస్థ చేతికి వెళ్ళాకే నాకు సకాలంలో ప్రతిఫలం అందింది. పాఠకుడికి ఉచితంగా ఇవ్వాలనేవారు ఆ ఉచితం ఎవరి వీపు మీద నుంచి వస్తోందో ముందు చెప్పాలి.

సమష్టి:
మీకు జరిగింది అన్యాయమే. నాకు ఏ విశ్వవిద్యాలయంతోనూ సంబంధం లేదు, అందువల్ల వేతనాల మీద వచ్చిన వ్యాసం చదవాలంటే రచయితను బతిమాలుకోవాలి. వేతనం మీద బతికేవాడికి ఆ వ్యాసం అందకపోవడం అన్యాయం కాదా?

బోధకుడు:
హిస్టారికల్ మెటీరియలిజం గ్రంథమాల మధ్యేమార్గం పట్టింది: ఖరీదైన గట్టి అట్ట ప్రతిని ముందు బ్రిల్ అనే ప్రచురణ సంస్థ వేస్తుంది, తరువాత హేమార్కెట్ అనే మరో సంస్థ తక్కువ ధరకు మెత్తటి అట్ట ప్రతి తెస్తుంది. పత్రికల విషయంలో అది కష్టం. స్వతంత్ర పత్రికలో వచ్చిన నా వ్యాసాన్ని పదోన్నతి సంఘం లెక్కలోకే తీసుకోలేదు.

సమష్టి:
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. మీరు రాసేది ఆ సంఘం కోసం, నేను వెతికేది ఉద్యమానికి పనికివచ్చే విశ్లేషణ కోసం.

ప్రూఫుదిద్దరి:
ఇందులో నేను సమష్టి గారి పక్షమే. కాకపోతే సంపాదకవర్గమంతా కలిసి కదలాలి, పని చేసినవారికి డబ్బు దొరకాలి. 2015లో లింగువా అనే భాషాశాస్త్ర పత్రిక సంపాదకులు మూకుమ్మడిగా దాని వాణిజ్య ప్రచురణకర్త ఎల్సెవియర్‌ను వదిలి, అందరూ ఉచితంగా చదువుకోగల గ్లోసా పత్రికను స్థాపించారు. భాషాశాస్త్రవేత్తలు చేసిన పని సోషలిస్టులకు ఎందుకు అసాధ్యం?

బోధకుడు:
స్థిరమైన ఉద్యోగం ఉన్న సంపాదకులు ఆ పని చేయాలి, నేనూ సంతకం పెడతాను. కానీ కొత్త పత్రిక పేరును నియామక సంఘాలు గుర్తించేదాకా, ఉద్యోగం దొరకని నా విద్యార్థులను మీ మొదటి అడుగు అక్కడ వేయండని నేను చెప్పలేను.