ఎండలకు గుడ్లు మెత్తగా వస్తున్నాయి, ఒక పెట్టేమో గూడు వదలడం లేదు

హసన్‌పర్తి_పెరడు:
అందరికీ నమస్తే. ఇంటి వెనక గుంటన్నర జాగా ఖాళీగా ఉంటే పోయిన చలికాలంలో అంగడి నుంచి ఆరు పెట్టలు, ఒక పుంజు తెచ్చుకున్నాం. నాలుగు నాటువి, రెండు గ్రామప్రియ అని చెప్పి ఇచ్చారు. నాకు కోళ్లు కొత్త. మొన్నటిదాకా గుడ్లు మంచిగానే పెట్టాయి, ఈ ఎండలు ముదిరినప్పటి నుంచి పెంకు పలచబడింది, చేత్తో తీస్తుంటేనే నొక్కుకుపోతోంది, ఒకటి రెండైతే అసలు పెంకే లేకుండా తోలు సంచిలా వచ్చాయి. పగిలినదాన్ని మిగతావి పొడిచి తినేస్తున్నాయి. మేత అంటే నూకలు, మిగిలిన అన్నం, అప్పుడప్పుడు మక్కలు.
ఇంకోటి, నల్లపెట్ట గూట్లోంచి లేవడం లేదు. చెయ్యి పెడితే ఈకలన్నీ లేపి పొడవడానికి వస్తోంది. కింద గుడ్డు కూడా లేదు. రోగమా? మా అత్తమ్మ ముక్కులో ఈక దూర్చు, అదే లేస్తుంది అంటోంది, నాకేమో చేతులు రావడం లేదు. ఇక్కడ ఇంత టెన్షన్‌గా ఉంటే మా ఆయన వచ్చే వారం అంగడిలో ఇంకో నాలుగు కొందాం అంటున్నాడు. జర చెప్పండి.

నర్సంపేట_కోళ్లు:
చెల్లె, అది రోగం కాదు, పొదుగుకు వచ్చింది, అంటే గుడ్లు పొదగడానికి కూర్చుంది. రోగమొచ్చిన కోడికి పొడిచే ఓపిక ఎక్కడిది, రెక్కలు జారేసి మెడ వాల్చి ఓ మూలకు నిలబడుతుంది. ఈక దూర్చడం, నీళ్లలో ముంచడం మా దగ్గర కూడా చేసేవాళ్లు. కోడికి నరకం చూపించడం తప్ప ఇంకేం లేదు, అత్తమ్మకు నచ్చజెప్పు. పొదుగు విడిపించాలంటే దాని పొట్ట కింద వేడి నిలవకూడదు, అంతే. అడుగున జాలీ ఉన్న బోనులో, నేలకు ఎత్తుగా, గడ్డి వేయకుండా, నీడలో పెట్టి మేత నీళ్లు ఇవ్వు. మూడు నాలుగు రోజులకు మామూలవుతుంది, కొన్ని మొండివి ఇంకాస్త టైమ్ తీసుకుంటాయి.
పుంజు ఉంది కదా, పిల్లలు చేయిద్దాం అనుకుంటే మాత్రం ఇప్పుడే వద్దు. ఈ ఎండకు గుడ్డు బయట ఉండగానే పాడవుతుంది, పొదగేసినా చాలావరకు మురిగిపోతాయి. మృగశిర వచ్చి వాన పడ్డాక మళ్లీ ఏదో ఒక నాటుపెట్ట కూర్చుంటుంది, అప్పుడు దాని కింద పది పన్నెండు గుడ్లు పెట్టు, 21 రోజులకు పిల్లలు. గ్రామప్రియ మీద ఆశ పెట్టుకోకు, అవి గుడ్ల కోసం తయారు చేసిన రకం, సరిగ్గా పొదగవు. వాటి గుడ్లు కూడా నాటుపెట్ట కిందే పెట్టొచ్చు.

మామునూరు_స్టూడెంట్:
పెంకు సంగతి నేను చెప్తాను అక్కా. కోడికి చెమట పట్టదు, నోరు తెరుచుకుని రొప్పుతూనే ఒంట్లో వేడి బయటికి పంపుకుంటుంది. అట్లా మధ్యాహ్నమంతా రొప్పితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, పెంకుకు కావాల్సిన కార్బొనేట్ దాన్నుంచే తయారవ్వాలి. వేడికి మేత కూడా తగ్గిస్తుంది. దానికి తోడు మీరు పెట్టేది నూకలు. ఒక్కో గుడ్డు పెంకులో 2 గ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, నూకల్లో అది లేనట్టే లెక్క. ఇచ్చేది లేకపోతే తన ఎముకల్లోది తీసి పెంకు కడుతుంది, అది కూడా కొన్నాళ్లే.
దాణా షాపుల్లో ఆల్చిప్పల పొడి, అదే షెల్ గ్రిట్ దొరుకుతుంది. మేతలో కలపకండి, ఒక మూకుట్లో విడిగా పెట్టండి, ఏ పెట్టకు కావాలంటే అదే తింటుంది, పుంజుకు అవసరం లేదు. సాయంత్రం తప్పకుండా ఉండాలి, పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూటే. గుడ్డు పెంకులు వేస్తే పెనం మీద వేయించి బాగా నలిపి వేయండి, ముక్కలుగా వేస్తే గుడ్లు పొడిచే అలవాటు ఇంకా ముదురుతుంది. నూకలు సగానికి తగ్గించి లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే కోళ్ల దాణా కలపండి. మేత చల్లపూటే, పొద్దున్నే ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి. గుడ్డు పెట్టగానే తీసేయండి, గూడు కాస్త చీకటిగా ఉంటే పొడవడం తగ్గుతుంది.
మీ గూటికి రేకులా? అయితే పైన వరిగడ్డి మందంగా పరిచి మధ్యాహ్నం నీళ్లు చల్లండి. తాగే నీళ్లు ప్లాస్టిక్ డబ్బాలో కాకుండా మట్టిపాత్రలో, నీడలో.

పర్కాల_పెద్దమనిషి:
దాణా, గ్రిట్టు సరే బిడ్డా, కాదనను. కానీ పెరట్లో తిరిగే కోడికి పురుగు పుట్ర కూడా దొరకాలి. పాత కుండలో పేడ, గడ్డి, చిరిగిన గోనె ముక్క కుక్కి కాసిన్ని నీళ్లు చల్లి చెదలున్న చోట సాయంత్రం బోర్లించు. తెల్లారి ఎత్తి చూస్తే అడుగంతా తెల్లగా చెదలు కదులుతుంటాయి, కోళ్ల ముందు దులిపితే నిమిషంలో ఖాళీ. వానాకాలంలో పిల్లలు అయినప్పుడు ఇంకా మంచిది. పైసా ఖర్చు లేదు. ఇంటి గోడల పక్కన మాత్రం పెట్టకు, తర్వాత తలుపులకు పట్టాయని నన్ను తిట్టుకుంటావ్. ఇంకో మూలకు పొయ్యి బూడిద, పొడి మట్టి కలిపి పెట్టు, అందులో పొర్లితే గోమార్లు తగ్గుతాయి.

కాజీపేట_డాబా:
అసలు విషయం ఎవరూ ముట్టుకోలేదు. అంగడి నుంచి ఇంకో నాలుగు అంటున్నారు కదా, అక్కడ నాకు భయం. కొత్తవి తెస్తే నేరుగా కలపకండి వదినా. కనీసం రెండు మూడు వారాలు వేరే మూలకు, వేరే నీళ్ల గిన్నెతో పెట్టండి, ముందు పాతవాటికి మేత వేసి తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. పైకి హుషారుగానే ఉన్న కోడి లోపల కొక్కెర తెగులు మోసుకొస్తుంది. ఆకుపచ్చగా పారడం, మెడ మెలి తిరగడం మొదలైందంటే ఇక మందు లేదు, వరసగా పోతాయి. టీకా వేయించారా అసలు?

హసన్‌పర్తి_పెరడు:
అందరికీ థాంక్స్. రేకులే, ఈరోజే గడ్డి పరిపిస్తా. టీకా వేయించలేదు అన్నా. అడిగితే సీసా అంటే వంద కోళ్లకు పైనే అన్నారు, ఏడు కోళ్లకు అంత తీసుకుని ఏం చేయాలి? నీళ్లలో కలిపి తాగిస్తే సరిపోతుందా?

మామునూరు_స్టూడెంట్:
వాడకట్టులో కోళ్లున్న వాళ్లందరినీ కలుపుకోండి అక్కా. ఎలాగూ పక్కింటి కోళ్లకు తెగులొస్తే మీ గోడ దాటడానికి ఎంతోసేపు పట్టదు. కొక్కెర తెగులుకు లసోటా అనే టీకా అయితే నీళ్లలో తాగించొచ్చు, కానీ మిషన్ భగీరథ నల్లా నీళ్లు వద్దు, అందులో క్లోరిన్ ఉంటుంది, టీకాలో ఉన్న బతికున్న వైరస్ చచ్చిపోతుంది. బోరు నీళ్లు తీసుకుని కొంచెం పాలపొడి కలపండి. అంతకుముందు గంటా రెండు గంటలు నీళ్లు పెట్టకుండా ఉంచితే గబగబా తాగేస్తాయి. ఈ ఎండల్లో అది తెల్లవారుజామునే చేయాలి, మధ్యాహ్నం దాహంతో ఉంచితే కోళ్లే పోతాయి. సీసా ఐస్‌లో పెట్టుకుని తెచ్చుకోండి, కలిపాక రెండు గంటల్లోపు అయిపోవాలి, మిగిలింది రేపటికి దాచొద్దు. అదే తెగులుకు ఆర్‌టూబీ అని సూదితో వేసే టీకా ఒకటుంది, గుడ్లు పెట్టే పెట్టలకు అది వేస్తే కొన్నాళ్లు గుడ్లు తగ్గొచ్చు, మీ పశువుల దవాఖానలో అడిగి నిర్ణయించుకోండి. టీకాకు వారం ముందు నట్టల మందు, అదే కడుపులో పురుగులకు వేసేది, తాగించండి. నీరసంగా ఉన్న కోడికి మాత్రం వేయొద్దు.

నర్సంపేట_కోళ్లు:
నాలుగు కొనేది వానలు పడ్డాకే కొనమను చెల్లె మీ ఆయన్ని. అప్పటికి ఆ వేరే గూడు కూడా ఆయన్నే కట్టమను.