నాన్న కంపెనీలో నాదంటూ ఏదైనా ఉంటుందా?

రెండోతరం_వాడు:
పేరుకి డైరెక్టర్‌ని. విజిటింగ్ కార్డు మీద అలాగే ఉంటుంది. మాది అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్, నాన్న ఒక్క మెషిన్‌తో మొదలుపెట్టారు, నేను చేరి ఆరేళ్లయింది. మొన్న జరిగింది చెప్తాను. షిఫ్టు ప్లాన్ కొంచెం మార్చి సూపర్‌వైజర్‌కి చెప్పాను. అలాగే సార్ అన్నాడు. ఐదు నిమిషాల తర్వాత అటు వెళ్తే నాన్న గది గుమ్మంలో నిలబడి "చిన్నసారు ఇలా చేయమంటున్నారు, చేసేయమంటారా" అని అడుగుతున్నాడు. నాన్న చేసేయమనే అన్నారు. వద్దన్నా ఇంత బాధ ఉండేది కాదేమో.

అసలు విషయం వేరే ఉంది. ఆన్‌లైన్‌లో అమ్ముకునే చిన్న చిన్న వ్యాపారులకి యాభై, వంద పెట్టెలు కూడా వాళ్ల డిజైన్‌తో ప్రింట్ చేసి ఇచ్చే విభాగం పెడదామని ఏడాది నుంచి అడుగుతున్నాను. లెక్కలన్నీ వేసి ఇచ్చాను. నాన్న ఫైల్ తెరిచి రెండో పేజీ దాకా కూడా వెళ్లలేదు, "మన పేరు మీద నాసిరకం సరుకు వెళ్తే?" అన్నారు, అక్కడితో అయిపోయింది. బయటికి వెళ్లి సొంతంగా పెట్టుకుంటానంటే ఇంట్లో గొడవ. ఇక్కడే ఉంటే నాకు వ్యాపారం చేయడం వచ్చా, లేక ఆయన కొడుకుగా ఉండటం మాత్రమే వచ్చా అన్నది ఎప్పటికీ తేలదు. ఇలాంటి ఇళ్లలోంచి వచ్చినవాళ్లు ఏం చేశారో చెప్పండి.

వసూళ్ల_మేడమ్:
మీ పోస్ట్ చదువుతుంటే నా మొదటి రెండేళ్లు గుర్తొచ్చాయి. బాకీల కోసం ఫోన్ చేస్తే "నాన్నగారితో మాట్లాడతాం లేమ్మా" అని పెట్టేసేవాళ్లు. నేను చదివిన చదువు, బయట చేసిన నాలుగేళ్ల ఉద్యోగం అన్నీ ఆ ఒక్క "లేమ్మా"లో కొట్టుకుపోయేవి.

1978లో టాగియురి, డేవిస్ అనే ఇద్దరు హార్వర్డ్‌లో ఉండగా గీసిన బొమ్మ ఒకటుంది, కుటుంబం, యాజమాన్యం, వ్యాపారం అని ఒకదాని మీదికి ఒకటి వచ్చే మూడు వలయాలు. చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది కానీ మా ఇంట్లో సగం గొడవలు ఎక్కడ పుడుతున్నాయో అది చూశాకే అర్థమైంది. నాన్న నాతో తండ్రిగా మాట్లాడుతుంటే నేను మేనేజర్‌గా జవాబిస్తున్నాను, నేను జీతం అడిగితే ఆయనకి కూతురు వాటా అడిగినట్టు వినిపిస్తోంది. మీరు ఇచ్చిన ఫైల్ కూడా అంతే, మీరు మేనేజర్‌గా ఇచ్చారు, ఆయన ఇంటి పెద్దగా తీసుకున్నారు.

మా దగ్గర మారింది ఎలాగంటే, వసూళ్లు పూర్తిగా నాకు వదిలేయమన్నాను. పూర్తిగా అంటే ఎవరికి ఎన్ని రోజులు అప్పు ఇవ్వాలి, ఎవరికి సరుకు ఆపాలి అన్నది కూడా. ఎవరైనా నాన్నకి ఫోన్ చేస్తే "అది మా అమ్మాయి చూస్తుంది" అని ఆయన పెట్టేయాలి. మొదటి నెల ఆయనకి ప్రాణం పోయినంత పనైంది, ముప్పై ఏళ్ల స్నేహితుడికి నేను సరుకు ఆపేశాను మరి. కానీ ఆయన మాట తప్పలేదు. ఆ తర్వాత నుంచి ఎవరూ నన్ను లేమ్మా అనలేదు.

బయటికి_వచ్చేశా:
బ్రో, ఇంత ఆలోచన అనవసరం. బయటికి రా. నేను వచ్చేశాను, హాయిగా ఉంది.

వసూళ్ల_మేడమ్:
@బయటికి_వచ్చేశా, మీ మొదటి కస్టమర్ ఎలా వచ్చారో కూడా చెప్పండి మరి.

బయటికి_వచ్చేశా:
సరే, నాన్న పరిచయమే 😄 ఒప్పుకుంటున్నా. రెండోది మాత్రం నాదే.

ఇరవైఏళ్ల_మేనేజర్:
నేను కుటుంబసభ్యుణ్ణి కాదు, ఇలాంటి కంపెనీలోనే పనిచేసేవాణ్ణి. ఆ సూపర్‌వైజర్‌ని తిట్టుకోకండి సార్. మీరు చెప్పింది చేశాక రేపు పెద్దాయన "ఎవరు చేయమన్నారు" అంటే మీరు కొడుకు, మీకేం కాదు. మాట పడేది అతను. ఇద్దరు యజమానులున్న చోట మాలాంటివాళ్లం బతకడానికి నేర్చుకునే మొదటి విద్యే ఆ గుమ్మం దగ్గర నిలబడటం. మీరు గట్టిగా చెప్తే మారేది కాదది. పెద్దాయన ఒక్కసారి, అందరి ముందు, "నన్ను అడగొద్దు, అబ్బాయిని అడుగు" అని వెనక్కి పంపాలి. ఆ ఒక్కసారి కోసం ఫ్లోర్ మొత్తం చూస్తూ ఉంటుంది.

ఇది మీ ఒక్క ఇంటి కథేం కాదు. ఫోర్డ్ కంపెనీలో హెన్రీ ఫోర్డ్ 1919లో కొడుకు ఎడ్సెల్‌ని ప్రెసిడెంట్ చేశాడు. కుర్చీ ఇచ్చాడు గానీ మాట ఇవ్వలేదు. మోడల్ టీ కారు పాతబడిపోయిందని కొడుకు మొత్తుకున్నా 1927 దాకా ఆపలేదు, ఈలోగా పోటీ కారు షెవ్రొలే మార్కెట్ లాక్కుంది. హైడ్రాలిక్ బ్రేకుల విషయంలోనూ అంతే, ఫోర్డ్ కార్లలోకి అవి 1939లో గానీ రాలేదు. ఎడ్సెల్ 1943లో పోయాడు, అప్పటికీ అతనే ప్రెసిడెంట్. కార్డు మీద డైరెక్టర్ అని రాసుందన్నారు కదా, అందుకని చెప్పాను.

పాతకాపు:
బాబూ, నేను మీ నాన్న వయసువాణ్ణి, ఆయన వైపు నుంచి రెండు మాటలు. మా అబ్బాయి ఇలాంటి ఫైలే తెచ్చినప్పుడు నేనూ చదవలేదు. లెక్కలంటే భయం లేదు, లెక్కల్లో పోతే మళ్లీ సంపాదించొచ్చు. బోర్డు మీద ఉన్నది మా ఇంటిపేరు. ఉద్యోగంలో తప్పు జరిగితే కంపెనీకి చెడ్డపేరు, ఇక్కడ తప్పు జరిగితే పెళ్లిలో ఎదురుపడ్డ మనిషి కూడా అడుగుతాడు.

దీన్ని పరిశోధన చేసినవాళ్లూ ఉన్నారు. దక్షిణ స్పెయిన్‌లో ఆలివ్ నూనె మిల్లుల మీద 2007లో ఒక అధ్యయనం అచ్చయింది. సహకార సంఘంలో చేరితే రిస్క్ తగ్గుతుంది, కానీ మిల్లు మీద కుటుంబం పెత్తనం పోతుంది. కుటుంబాల చేతిలో ఉన్న మిల్లులు చేరడానికి వెనకాడాయి, నష్టపోయే ప్రమాదం ఎక్కువని తెలిసి కూడా. మా వాడు అది నాకు చదివి వినిపించి "నాన్నా, నువ్వు రిస్క్‌కి భయపడే మనిషివి కాదు, పేరు పోతుందని భయపడే మనిషివి" అన్నాడు. కోపం వచ్చింది గానీ నిజమే.

కాబట్టి మళ్లీ లెక్కలు పట్టుకెళ్లకు. పేరు సంగతి ముందు తేల్చు. ఆ విభాగానికి వేరే పేరు పెడతానను, ఇంత డబ్బు దాటితే నేనే ఆపేస్తానని కాగితం మీద రాసివ్వు. ఇంకో మాట, అన్నీ బయటి మేనేజర్లకి అప్పగించి కుటుంబం పక్కకి తప్పుకోవాలని కొందరంటారు, పిల్లల బొమ్మలు చేసే లెగోని చూపిస్తారు. నిజమే, 1932లో మొదలైన కంపెనీ, పీకల్లోతు నష్టాల్లో ఉండగా 2004లో మొదటిసారి బయటి మనిషిని సీఈవో చేశారు, నిలబడింది. కానీ యాజమాన్యం మాత్రం ఆ కుటుంబం చేతిలోంచి జారలేదు, అది ఎవరూ చెప్పరు. కుర్చీ దిగడం, ఇల్లు వదిలేయడం ఒకటి కాదు.

రెండోతరం_వాడు:
అందరికీ థ్యాంక్స్. పాతకాపు గారూ, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి ఫైల్ లేకుండా వెళ్లాను. వేరే పేరు అనగానే నాన్న టీవీ సౌండ్ తగ్గించారు. చాలాసేపటికి ఒక్కటే అడిగారు, "ఆర్డర్ చెడిపోతే కస్టమర్‌తో ఎవరు మాట్లాడతారు?" నేనే అన్నాను. "అప్పుడు నన్ను పిలవకూడదు" అన్నారు. పిలవనన్నాను. డబ్బు ఎంతన్నది ఆదివారం కూర్చుని రాసుకుందామన్నారు.

సూపర్‌వైజర్ విషయం కూడా కదిపాను. "వాడికి రేపు నేను చెప్తాలే, నువ్వు ఆ టైంకి అక్కడ ఉండకు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరే అన్నాను.