హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) గొంతుకు కూడా వస్తుందా? చెన్నైలో ఎవరికైనా తెలుసా?

వేళచ్చేరి అమ్మ: పాపకు పదకొండేళ్లు, బాబుకు పదమూడు. పాపకు హెచ్‌పీవీ టీకా వేయిద్దామని వెళ్తే పిల్లల డాక్టరుగారు "బాబుకూ వేయించండి, గొంతు క్యాన్సర్‌కూ ఈ వైరస్ కారణమవుతుంది" అన్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సంగతి విన్నాను గానీ ఇదేంటి? మా అపార్ట్‌మెంట్‌లో అడిగితే ఒక్కరికీ తెలియదు.

పెరంబూరు పిన్ని: మాకూ ఇంట్లోకి వచ్చాకే తెలిసిందమ్మా. మా చిన్నమామగారికి గుట్కా, సిగరెట్టు, మందు ఏ అలవాటూ లేదు. గడ్డం గీసుకుంటుంటే మెడ పక్కన గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు, జ్వరం లేదు. వీధి చివరి క్లినిక్‌లో జలుబు గడ్డేనని మందులు మార్చి మార్చి ఇచ్చారు. ఆఖరికి ఈఎన్‌టీ డాక్టరు సూదితో తీసి పరీక్షకు పంపితే, టాన్సిల్‌లో మొదలై మెడకు పాకిందని తేలింది. బయాప్సీ రిపోర్టులో పి16 పాజిటివ్. అంటే హెచ్‌పీవీ వల్ల వచ్చిందన్నమాట, ఈ రకం వైద్యానికి బాగా లొంగుతుందన్నారు. రేడియేషన్, కీమో అయ్యాయి. ఇప్పుడు పెరుగన్నం హాయిగా తింటున్నారు, కారం మాత్రం ఇంకా పడటం లేదు. చిన్నత్తయ్యకే "ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారు, నాకూ వస్తుందా" అని ఒకటే టెన్షన్.

నెల్లూరు నర్సు (ఇప్పుడు తాంబరం): పిన్నిగారూ, ఆవిడకు ముందు ఈ మాట చెప్పండి. వైరస్ సోకిన ఎన్నో ఏళ్లకు, ఒక్కోసారి పాతికేళ్ల తర్వాత గానీ క్యాన్సర్ బయటపడదు. ఎప్పుడు, ఎవరి నుంచి అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. దీన్ని పట్టుకుని మొగుణ్ని అనుమానించడం అనవసరం. గొంతుకు ఎక్కువగా ఓరల్ సెక్స్ ద్వారా చేరుతుంది. ఆ ముక్క చెప్పడానికి మా వార్డులోనూ అందరికీ మొహమాటమే, అందుకే ఆడవాళ్ల దాకా రాదు. సోకినవాళ్లలో చాలామందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. ఎక్కడో కొందరిలో, ముఖ్యంగా 16వ రకం, టాన్సిల్ మడతల్లోనో నాలుక మొదట్లోనో ఉండిపోతుంది. గొంతులో ఈ క్యాన్సర్ ఆడవాళ్లకంటే మగవాళ్లకే ఎక్కువ. అలాగని పొగాకు సంగతి మరిచిపోకండి, మన దేశంలో నోటి క్యాన్సర్లకు పెద్ద కారణం అదే.

మైలాపూరు కోడలు: నాకు పాప్ స్మియర్ నార్మల్. గొంతుకూ భయం లేనట్టేనా?

నెల్లూరు నర్సు: లేదండీ. అది గర్భాశయ ముఖద్వారానికే. గొంతుకు అలా ముందే పట్టుకునే పరీక్ష ఇంకా లేదు. మెడలో నొప్పి లేని గడ్డ, ఒకవైపే చెవిపోటు, మింగుతుంటే అడ్డం పడటం, మూడు వారాలు దాటినా తగ్గని గొంతునొప్పి, వీటిలో ఏది ఉన్నా నేరుగా ఈఎన్‌టీకే చూపించుకోండి.

అన్నానగర్ అక్క: ఇలాంటివి ఇక్కడ మాట్లాడాలా అనుకున్నా గానీ, చదివాక మా చెల్లెలికీ పంపాను. మా అబ్బాయికి పోయినేడాదే వేయించాం. మన సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల హెచ్‌పీవీ టీకా సెర్వావాక్ 2023 నుంచి దొరుకుతోంది, అది 16వ, 18వ రకాలు రెండింటికీ పనిచేస్తుంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వయసులో అయితే ఆర్నెల్ల తేడాతో రెండు డోసులు, పదిహేనేళ్లు నిండితే మూడు. విదేశీ టీకా గార్డసిల్ 9 ఖరీదు ఎక్కువ.

వేళచ్చేరి అమ్మ: అయితే ఇద్దరికీ ఒకేసారి వేయించేస్తాను. మావారు "మగపిల్లాడికెందుకు" అంటే పిన్నిగారి పోస్టు చూపిస్తా.

నెల్లూరు నర్సు: సూది వేశాక పావుగంట అక్కడే కూర్చోబెట్టండి. ఈ వయసు పిల్లలకు ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి.