కర్నూలు జిల్లా కోసిగి దిక్కు: 14 ఏళ్ల పాపకు పెళ్లి మాటలు, తల్లి సుగ్గికి (వలస కూలికి) పోయింది. ఏం చేయాల?

పడమటిపల్లె:
పక్కింట్లో తండ్రి లేని పిల్లలు ఇద్దరు. 14 ఏళ్ల పాప, 9 ఏళ్ల పిల్లోడు. తల్లి మిరప కోతకు గుంటూరు దిక్కు సుగ్గికి పోయింది, పిల్లలు అవ్వ దగ్గర ఉన్నారు. పాప 8వ తరగతి. సంక్రాంతి సెలవుల తర్వాత బడి మొహం చూడలేదు. ఉగాదికి తల్లి రాగానే మేనమామకిచ్చి చేస్తారంట. వయసు అడిగితే ఆధార్ తీసి 18 అని చూపిస్తారు. పెళ్లి ఆగాల, ఆ ఇల్లూ నిలబడాల. మా పేరు బయటికి రాకూడదు. ఏది ముందు?

బాలలపని:
ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బు పడదు, పేరు చెప్పకపోయినా తీసుకుంటారు. "మా ఊర్లో బాల్య వివాహం" అని పెట్టేస్తే పని జరగదు. పాప పేరు, తల్లి పేరు, ఊరు, మండలం, చదివే బడి, పెళ్లి ఎక్కడ, ఎప్పుడు... ఇవన్నీ కాగితం మీద రాసుకుని చెయ్యండి. ముహూర్తం రోజుదాకా ఆగొద్దు. పందిరి వేశాక పోతే ఊరంతా ఒకటవుతుంది.

ఆధార్‌కు భయపడొద్దు, అది వయసుకు రుజువు కాదు. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, అది లేకుంటే పంచాయతీ జనన ధ్రువపత్రం, రెండూ లేకుంటేనే డాక్టరు పరీక్ష. కాబట్టి ఒకటో తరగతిలో చేరినప్పటి అడ్మిషన్ రిజిస్టర్లో ఆ ఒక్క వరుసే మీ బలం. ఆ పేజీ జిరాక్స్ తీసి పెట్టమని హెచ్ఎం చెవిన వేయండి.

ఆలూరు_మేడం:
పైన చెప్పింది సరే, కానీ సగమే. ఎక్కువసార్లు ఏమవుతుందంటే, స్టేషన్లో కూర్చోబెట్టి "18 నిండేదాకా చెయ్యం" అని రాయించుకుంటారు, ఫొటో తీసుకుంటారు, అందరూ ఇళ్లకు పోతారు. పది రోజులకు బళ్లారి దిక్కు ఏ చుట్టాలింట్లోనో తాళి పడుతుంది. ఆ రాత కాగితానికి పెద్ద విలువ లేదు.

గట్టి కాగితం వేరే ఉంది. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు నిషేధ ఉత్తర్వు ఇస్తారు. ఐసీడీఎస్ సీడీపీఓ (అంగన్‌వాడీల మీది అధికారి) ద్వారా దరఖాస్తు పెట్టించండి. ఆ ఉత్తర్వు దాటి చేసిన పెళ్లి 14వ సెక్షన్ ప్రకారం మొదటినుంచీ చెల్లదు. అవ్వకు చెప్పేటప్పుడు జైలు అని బెదిరించొద్దు, పెళ్లికి ఒప్పుకున్న ఇంటి పెద్దల్లో ఆడవాళ్లకు ఆ చట్టం 11వ సెక్షన్ కింద జైలు శిక్ష లేదు. మేనమామకు మాత్రం సూటిగా చెప్పొచ్చు: రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా, నాన్ బెయిలబుల్. మేనరికం అని చట్టం మినహాయింపు ఇవ్వదు. ఆ మీదట పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు ఎటూ ఉంటుంది. 18 నిండని పిల్ల గర్భంతో ఆసుపత్రికొస్తే వాళ్లు పోలీసులకు చెప్పి తీరాల.

పడమటిపల్లె:
మేడమ్, పెళ్లి ఆగిందే అనుకుందాం. మళ్లీ సుగ్గికి పోవాల్సిందే కదా ఆ తల్లి? అప్పుడు పాప గతి?

బాలలపని:
అసలు పని అక్కడే ఉంది అన్నా. బడి, డబ్బు రెండూ కుదిరితేనే అవ్వ మనసు మారుతుంది. ముందు పాపను బడిలో మళ్లీ కూర్చోబెట్టండి. ఆన్‌లైన్ లెక్కల్లో పేరు బడి మానేసినోళ్ల జాబితాలో, అదే డ్రాప్‌బాక్స్‌లో పడిందేమో హెచ్ఎంను చూడమనండి. అవ్వకు చేతకాకపోతే కస్తూర్బా విద్యాలయంలో 8వ తరగతి ఖాళీ ఉందేమో అడగండి, తండ్రి లేని పిల్లలకు ముందు వరస. సుగ్గి కాలానికి సీజనల్ హాస్టల్ దగ్గర్లో నడుస్తుంటే పిల్లోడికి అదీ దారే.

డబ్బుకు కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్. ఒక్కో బిడ్డకు నెలకు 4,000. తల్లి వితంతువు, పల్లెలో ఏడాది ఆదాయం 72,000 లోపు ఉంటే అర్హులే. కర్నూలులో జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి అర్జీ పెట్టాల: పుట్టిన తేదీ, ఆధార్, ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్, తండ్రి మరణ ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం. పాప బడి మానితే ఈ డబ్బు ఆగిపోతుంది. పెళ్లికి తొందరపడే ఇంట్లో ఈ ముక్క బాగా పనిచేస్తుంది.

పడమటిపల్లె:
తండ్రి పోయి మూడేళ్లు. చావు నమోదు చేయించినట్టు లేదు.

ఆలూరు_మేడం:
ఇట్లాంటి అర్జీలు ఎక్కువగా తన్నేది ఇక్కడే. ఏడాది దాటింది కాబట్టి పంచాయతీ సెక్రటరీ ఒక్కడే నమోదు చెయ్యలేడు. రికార్డులో లేదని ఆయన దగ్గర పత్రం తీసుకుని, ఆదోని రెవెన్యూ డివిజన్ ఆఫీసులో ఆలస్య నమోదుకు అర్జీ పెట్టాల. ఉత్తర్వు వచ్చాక పంచాయతీలో ఎక్కిస్తారు. తల్లి వితంతు పింఛను 4,000కు కూడా అదే పత్రం అడుగుతారు, కాబట్టి నాలుగైదు కాపీలు ఒకేసారి తీసుకోండి.

ఇంకొకటి. తల్లి ఊరికి రాగానే ఈకేవైసీకి (ఆధార్‌తో వేలిముద్ర సరిచూడటానికి) తీసుకుపోతారు కదా, మూణ్ణెల్లు మిరపకాయ కోసిన వేళ్లకు ముద్ర పడదు. రెండుసార్లు చూసి పడకపోతే కంటి స్కానరు పెట్టమని సచివాలయంలో అడగండి. లేదంటే "రేపు రా" అంటారు, రెండ్రోజులు చూసి ఆమె మళ్లీ కూలికి పోతుంది.