అమ్మ వైపు వంశం అమ్మమ్మ దగ్గరే ఆగిపోయింది, పైకి ఎలా వెళ్లాలి?

మల్కాజిగిరి_మనిషి:
నాన్న వైపు ఆరు తరాల పేర్లు ఊళ్లతో సహా దొరికాయి. ఇంటిపేరు మారలేదు, ఊరూ మారలేదు కాబట్టి పెద్ద కష్టం కాలేదు. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్లమ్మ అని ఆడవాళ్ల వరసలోనే పైకి వెళ్దామంటే మాత్రం అమ్మమ్మ దగ్గరే దారి మూసుకుపోయింది. ఆమె పుట్టింటి ఇంటిపేరు చెప్పేవాళ్లు లేరు. నల్గొండ వైపు పిల్ల అన్నదొక్కటే ఆధారం. ఇంకోటి, మాలో మేనరికాలు ఎక్కువ. చెట్టు గీస్తే ఒకే మనిషి రెండు కొమ్మల మీద తేలుతున్నారు. డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే ఇదంతా తేలుతుందా?

పాతకాగితం:
మీ ఇళ్లలో తద్దినాలు పెట్టే ఆనవాయితీ ఉంటే ముందు తర్పణాల పేర్ల చీటీ తీయండి. మామూలుగా పన్నెండు పేర్లుంటాయి. తండ్రి, తాత, ముత్తాత; తల్లి, నాయనమ్మ, తాతగారి తల్లి; ఆపైన అమ్మ తండ్రి, ఆయన తండ్రి, ఆయన తాత; చివర ఆ ముగ్గురి భార్యలు.

బోల్తా పడేది ఆ చివరి మూడింట్లోనే. ‘మాతుః పితామహి’ అంటే అమ్మకి నాయనమ్మ. అమ్మమ్మ తల్లి అనుకుని రాసేసుకుంటారు, అక్కణ్నుంచి చెట్టంతా తప్పే. మీకు కావలసిన అమ్మమ్మ తల్లి ఆ పన్నెండులో లేనే లేదు. చీటీ రాసిన రోజుకి తద్దినం పెట్టే కర్త తల్లి బతికి ఉన్నారా అన్నదీ కనుక్కోండి. ఉంటే తల్లి వరస మూడు పేర్లు ఒక తరం పైకి జరుగుతాయి. ఆడవాళ్ల పేరు ముందు చెప్పే గోత్రం అత్తింటిది, పుట్టింటిది కాదు.

మరి ఆమె పేరు ఎక్కడుంటుంది? అమ్మమ్మ అన్నదమ్ముల చీటీలో. వాళ్ల ‘మాతరం’ మీ అమ్మమ్మ తల్లి, వాళ్ల ‘మాతామహీం’ ఆమె తల్లి. ఒక్క చీటీతో రెండు మెట్లు. ఆడ వరస ఎక్కాలంటే ప్రతి తరంలోనూ మేనమామ ఇల్లు వెతుక్కోవాల్సిందే.

పుట్టింటి ఇంటిపేరే తెలియదన్నారు కదా. మీ అమ్మ పెళ్లి చదివింపుల పుస్తకం ఎవరింట్లోనైనా ట్రంకు పెట్టెలో ఉందేమో అడగండి. ‘పెళ్లికూతురి మేనమామ’ అని ఇంటిపేరు, ఊరు, ఇచ్చిన చీరో బిందో, రూపాయలో అన్నీ వరసగా రాసి ఉంటాయి. శుభలేఖ కంటే ఇదే నయం. శుభలేఖలో ఎక్కువగా మగపేర్లే వేస్తారు.

దస్తావేజుల్లో పసుపు కుంకుమల కింద కూతురికి రాసిచ్చిన భూమి బంగారం లాంటి ఆధారం. తండ్రి పేరు, కూతురి పేరు, అల్లుడి పేరు మూడూ ఒకే కాగితంలో ఉంటాయి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్స్ పుస్తకాలు వెతికించాలి. ఇండెక్స్-1 పేర్లది, ఇండెక్స్-2 ఆస్తులది. మీరు అడగాల్సింది మొదటిది. ఊరు, సుమారు సంవత్సరాలు ఇవ్వకపోతే వెతకరు. పాత భాగపంపకాల్లో ఆడపిల్లల పేర్లు లేకపోతే వాళ్లు పుట్టలేదనుకోకండి. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, దేశమంతా, పెళ్లైనవాళ్లతో సహా, 2005 నుంచి వచ్చింది. వాళ్ల సంతకాలు కనిపించేది ఎక్కువగా ఆ తర్వాతి కాగితాల్లోనే.

తార్నాక_దారి:
నల్గొండ అంటే నిజాం ఇలాకా కాబట్టి పాత కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరిదో రాసిన రికార్డు) నకలు ఆ మండలం తహశీల్దార్ ఆఫీసులో అడగండి. పట్టాదారు గడిలో ఈ నాలుగు మాటలు గుర్తుపట్టగలిగితే చాలు: వల్ద్ అంటే ఫలానా వారి కొడుకు, బింత్ అంటే కూతురు, జౌజా అంటే భార్య, బేవా అంటే విధవ. చదివిపెట్టేవాళ్లు తొందరలో ‘బేవా’ తర్వాతి పేరుని తండ్రి అని చెప్పేస్తారు. అది భర్త పేరు. ఆ ఒక్క పొరపాటు ఒక తరాన్ని మింగేస్తుంది.

ఆ కుటుంబానికి ఇనాం, జాగీరు లాంటివి ఉంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్లండి. వారసత్వం తేల్చిన ఫైళ్లలో వంశవృక్షం కూడా జతచేసి ఉంటుంది. అయితే అది హక్కు ఉన్నవాళ్ల వృక్షం, ఇంట్లో అందరిదీ కాదు. తేదీలు ఫస్లీలో ఉంటాయి. నిజాం కాలపు ఫస్లీ సంవత్సరం అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే తేదీకి 590, జనవరి నుంచి 591 కలపాలి. ఆజుర్ 1350 అంటే 1940 అక్టోబరు.

మల్కాజిగిరి_మనిషి:
బేవా సంగతి ఇప్పుడే చూశాను, మేం అచ్చం అలాగే తండ్రి అని రాసుకున్నాం. మరి మేనరికాల గజిబిజి?

లెక్కలపంతులు:
చెట్టు బొమ్మ పక్కన పెట్టి నంబర్లు వేయండి. మీరు 1. ఎవరి నంబరైనా రెట్టింపు చేస్తే వాళ్ల నాన్న, దానికి ఒకటి కలిపితే వాళ్లమ్మ. మగ వరస 2, 4, 8, 16. ఆడ వరస 3, 7, 15, 31. మీరు వెతుకుతున్నది 15.

మీ నాన్న తన మేనమామ కూతుర్ని చేసుకుని ఉంటే మీ నాయనమ్మ (5), అమ్మ తండ్రి (6) అక్కాతమ్ముళ్లో అన్నాచెల్లెళ్లో అవుతారు. అప్పుడు 10, 12 ఒకరే; 11, 13 ఒకరే. ఎనిమిది మంది ఉండాల్సిన తరంలో ఆరుగురే తేలతారు. మేనత్త కూతురైతే 8, 14 ఒకరు; 9, 15 ఒకరు. అక్క కూతుర్నే చేసుకుంటే ఇంకా తమాషా: 4, 14 ఒకరే, 5, 15 ఒకరే. అంటే నాయనమ్మే అమ్మమ్మకి తల్లి. మీ ఇంట్లో ఇది గానీ జరిగి ఉంటే 15 కోసం నల్గొండ దాకా పోనక్కర్లేదు, ముందు అది చూసుకోండి!

వంశవృక్షాలు ఎక్కించుకునే గ్రాంప్స్ సాఫ్ట్‌వేర్‌లో అయితే మనిషిని ఒక్కసారే ఎక్కించి, రెండు కుటుంబాలకీ ఆ ఎంట్రీనే తగిలించాలి. ఆడవాళ్లకి పుట్టింటి ఇంటిపేరు బర్త్ నేమ్‌గా, అత్తింటిది మ్యారీడ్ నేమ్‌గా పెట్టండి. పుట్టిల్లు తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. అత్తింటి పేరు అక్కడ పెట్టారంటే రేపు మీరే నమ్మేస్తారు.

జీన్స్_గోల:
డీఎన్ఏ సంగతి. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుకుకే వెళ్తుంది, కాబట్టి 2, 4, 8 వరసకి మగవాళ్ల శాంపిలే కావాలి. అడిగేది ఆడవాళ్లైతే నాన్నదో, అన్నదమ్ములదో, బాబాయిదో ఇప్పించాలి. మధ్యలో దత్తత ఉంటే వై ఒక దారి, ఇంటిపేరు ఒక దారి. ఇల్లరికపు అల్లుడి పిల్లలు తల్లి వైపు ఇంటిపేరు పెట్టుకున్నా అంతే.

మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది, కూతుళ్లే ముందుకి అందిస్తారు. మీకు పనికొచ్చేది ఇదే, అయితే పేర్లు వెతకడానికి కాదు, అనుమానం తీర్చుకోవడానికి. ఫలానా ఆవిడ మీ అమ్మమ్మకి సొంత అక్క అని అనిపిస్తే, ఆమె కూతురి కూతురితో మీది పోల్చండి. పూర్తి సీక్వెన్స్, అంటే 16,569 అక్షరాలూ చదివే టెస్టే తీసుకోండి. స్పష్టంగా కలవకపోతే ఆ కథ తప్పు. కలిస్తే మాత్రం రుజువైనట్టు కాదు. ఇది చాలా నెమ్మదిగా మారుతుంది, ఎన్నో తరాల కిందట విడిపోయినవాళ్లకీ కలవొచ్చు.

మామూలు ఆటోసోమల్ టెస్టులో (అమ్మానాన్నలిద్దరి వైపు నుంచీ వచ్చిన డీఎన్ఏ చూసేది) ‘సెకండ్ కజిన్’ అని వస్తే మేనరికాల ఇళ్లలో నమ్మొద్దు. రెండు వైపుల వాటాలు కలిసిపోయి అసలు కంటే దగ్గరి చుట్టరికం చూపిస్తుంది.

పాతకాగితం:
శాంపిల్ కంటే ముందు ఆ చదివింపుల పుస్తకం ఫోటోలు తీయించండి. పెన్సిల్‌తో రాసినవి చెరిగిపోతాయి. పక్క నుంచి టార్చి వేసి తీస్తే ఒత్తిడి గీతల వల్ల అక్షరాలు కనిపిస్తాయి.